గిన్నె లెక్క

పక్షుల్ని చూడటానికి గుంపుగా పోకూడదన్నది మన కాలమిస్టు గారి పాత పాట. ఈ పేజీ తిప్పేవాళ్లకు అది కంఠతా వచ్చు. అలాంటి మనిషి పోయిన ఆదివారం మేనల్లుడి మాట తీసెయ్యలేక, ఇరవై రెండు మందితో కలిసి కైకలూరు దగ్గరి ఆటపాకకు బస్సెక్కారు.

చిరాకు బస్సులోనే మొదలైంది. ముందు సీట్లో సినిమా పాట, వెనక సీట్లో పల్లీల పొట్లం. కొల్లేటి గట్టు మీద దిగితే ఒకాయన ఒంటి మీద మిరపపండు రంగు చొక్కా. ఓ కుర్రాడు ఫోన్లో పక్షి కూత పెట్టి అసలు పక్షిని రప్పించాలని చూశాడు. గూళ్ల కాలంలో అది తగదు. తన మేరలోకి ఇంకోటి చొరబడిందనుకుని పక్షి గూడొదిలి వెతుక్కుంటుంది. ఈ మాట చెప్పేలోపే ఎవరో "పెలికాన్! ఓపెన్‌బిల్!" అని కేకేశారు.

గూడబాతు అనడానికి ఏం రోగం? నత్తగుల్ల కొంగ అంటే దాని భోజనం కూడా తెలిసిపోతుందిగా! మూసినా ముక్కు మధ్య సందు మిగిలే ఆ కొంగ నత్తల్ని ఎలా ఒలుచుకు తింటుందో ఆయన చెప్పబోయారు. వినేవాళ్లు అప్పటికే పడవెక్కేశారు.

అక్కడ గూడబాతుల కోసం నీళ్లలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. పడవలో నలుగురికి లెక్క అప్పజెప్పారు. కాలమిస్టు వేలు చూపిస్తూ ఒకటొకటిగా నూట ముప్ఫై దాకా వచ్చారు. ఇంతలో ఓ గుంపు లేచింది. లెక్క గంగలో కలిసింది.

"అట్టా లెక్కెడితే సాయంత్రమైపోద్దండి," అన్నాడు పడవ నడిపే అతను. "చెరువులో చేపపిల్లల్ని వదిలేటప్పుడు మేం ఒక్క గిన్నెలో ఉన్నవే లెక్కెడతామండి. ఆనక ఎన్ని గిన్నెలు పోశామో చూసుకుంటాం."

1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలోనూ పెద్ద గుంపులకు వాడే పద్ధతి దాదాపు ఇదే. ముందు పదింటినో యాభైనో లెక్కబెట్టి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, ఆ మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు. కొల్లేటిని మింగిన చేపల చెరువుల నుంచే కొల్లేటి పక్షుల లెక్క నేర్చుకోవాల్సి రావడం కాలమిస్టుకు మింగుడుపడలేదు. 2006లో ఆ చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఆయన ఇక్కడే రెండు వారాలు రాశారు మరి.

గుంపు పనికిరాదనడానికి ఆయన చెప్పే కారణం ఒక్కటే: మనిషి అలికిడి పక్షికి పడదని. కానీ 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల కాలనీని కనుగొన్నారు. మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల గురించి రాసిన మనిషి ఈయనే. తర్వాతి దశాబ్దాల్లో ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనైతే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నేటికీ ఊళ్లోని చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో పక్షుల మకాం ఊరి చెరువు. అలికిడి పడకపోతే ఇవన్నీ ఊళ్లలోకి ఎందుకొచ్చినట్టు?

ఒడ్డుకొచ్చాక నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. మూడింట్లో అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. కాలమిస్టు గారిదే డెబ్బై తక్కువ. ఓ స్టాండు మీద గూడబాతు పిల్ల తల్లి ముక్కుసంచిలోకి భుజాల దాకా తలదూర్చి చేప లాక్కుంటుంటే, ఆయన లెక్క మరిచి దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఒంటరిగా పోయేవాళ్లకు దక్కే భాగ్యం అదే, లెక్కలో వచ్చే లోటూ అదే.

ఆ లోటు చిన్నది కాదు. కొల్లేరు 2002లో అంతర్జాతీయ తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఒక తడినేల ఆ జాబితాకు తగినదని చెప్పే కొలమానాల్లో ఒకటి, అక్కడ క్రమం తప్పకుండా ఇరవై వేల నీటిపక్షులు ఉండటం. ఒంటరి మనిషి నోట్‌బుక్కు అంత దూరం పోదు. పల్లీలు నములుతూ ఇరవై మంది రాసిన కాగితాలే కొల్లేటికి పట్టా.

కూతల ఫోను మీద మాత్రం ఆయన మాట మార్చలేదు. జనవరి గణనకు పేరిచ్చేశారు. ఆయన పడవలో ఇంకో ముగ్గురికి చోటుంది. వచ్చేవాళ్లు ఎర్ర చొక్కా ఇంట్లో వదిలి రండి, పడవతనికి కూడా పులిహోర పొట్లం తెండి.