మంగళగిరి మెట్ల మీద పరుగు వాచీ

పరుగు వాచీని కొనేవాళ్లు ముందువైపు చూసి కొంటారు. పనితనం చూడాలంటే బోర్లా తిప్పాలి. మణికట్టుకి ఆనే వెనక పలక మధ్యలో అద్దం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు అందానికి పెట్టింది కాదు. చర్మాన్ని కొద్దిగా నొక్కిపట్టి, మధ్యలో సందు లేకుండా చేసి, పక్కలనుంచి ఎండ లోపలికి దూరకుండా ఆపుతుంది. అద్దం కింద రెండో మూడో ఆకుపచ్చ ఎల్‌ఈడీలు, వాటి పక్కన వెలుతురుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్లు ఉంటాయి. రెంటికీ నడుమ సన్నటి నల్లటి అడ్డుగోడ ఒకటి. అది లేకపోతే ఎల్‌ఈడీ వెలుగు చర్మంలోకి దిగకుండానే అడ్డదారిన ఫోటోడయోడ్‌ని చేరుతుంది. అప్పుడు వాచీ తన దీపాన్ని తనే చూసుకుంటూ కూర్చుంటుంది.

ఆకుపచ్చే ఎందుకంటే, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ రంగుని బాగా పీల్చుకుంటుంది. పైగా ఆకుపచ్చ కాంతి చర్మంలోకి మరీ లోతుగా పోదు. ఎరుపు ఇంకా లోతుకి పోతుంది, అక్కడ కండరాలూ స్నాయువులూ కదిలే గందరగోళమంతా మోసుకొస్తుంది. గుండె ఒక్కసారి కొట్టుకోగానే మణికట్టులోని సన్నటి రక్తనాళాలు రవ్వంత నిండుతాయి, తిరిగొచ్చే వెలుగు రవ్వంత తగ్గుతుంది. మళ్లీ ఖాళీ అవుతాయి, వెలుగు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గు మొత్తం వెలుగులో నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. చర్మం, ఎముక, కొవ్వు, కదలని రక్తం తిప్పి పంపే తక్కిన వెలుగంతా వాచీకి పనికిరాదు. మన చర్మాల్లో ఎక్కువగా ఉండే మెలనిన్ కూడా ఆకుపచ్చని కొంత మింగేస్తుంది. దానికి తగ్గట్టు చిప్ దీపాల జోరు పెంచుకుంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఆ దీపాలు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి సెకనుకి ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంటాయి. ఆరిన క్షణంలోనూ ఫోటోడయోడ్ చూస్తూనే ఉంటుంది. అప్పుడు దానికి కనిపించేది పక్కలనుంచి దూరిన ఎండ మాత్రమే. వెలిగినప్పటి లెక్కలోంచి ఆ ఎండ లెక్క తీసేస్తే మిగిలింది తన దీపం వెలుగు. ఈ వాచీ పనితనమంతా ఇలాంటి తీసివేతల్లోనే ఉంది. దేన్నీ అది నేరుగా కొలవదు. అక్కర్లేనివి ఒక్కొక్కటీ గుర్తుపట్టి పక్కన పెడుతూ పోతే చివరికి తేలేదే మనకి కనిపించే అంకె.

ఎండని తీసేయడం తేలిక. కష్టమైన తీసివేత పరుగుది. అడుగు నేలని తాకినప్పుడల్లా ఒక కుదుపు, రెండడుగులకోసారి చేతి ఊపు. ఆ కుదుపుకి మణికట్టులోని రక్తం కూడా అటూ ఇటూ ఊగుతుంది, వెలుగు మారుతుంది. గుండె తెచ్చే మార్పుకంటే ఇది పెద్దది. అందుకే లోపల యాక్సిలరోమీటర్ ఉంది. మూడు దిక్కుల్లోనూ కదలికని సెకనుకి పదులసార్లు కొలిచి, అడుగుల లయ ఇదీ అని చెబుతుంది. వెలుగు లెక్కలో ఆ లయ ఎక్కడ కనిపించినా గుండెది కాదని చిప్ కొట్టేస్తుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, పరుగులో నిమిషానికి పడే అడుగులు సాధారణంగా 160 నుంచి 180 దాకా. గట్టిగా పరిగెత్తేటప్పుడు గుండె కొట్టుకునే లెక్కా దాదాపు అంతే. రెండు లయలూ ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు ఏది కొట్టేయాలో ఏది ఉంచాలో ఎంత తెలివైన చిప్‌కైనా తెలియదు. నింపాదిగా పరిగెత్తుతున్న మనిషికి వాచీ ఉన్నట్టుండి 172 చూపిస్తే ముందు అడుగులు లెక్కపెట్టుకోవాలి. పట్టీని మణికట్టు ఎముకకి వేలెడు పైకి జరిపి ఇంకో రంధ్రం బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే ఛాతీ పట్టీ ఉండనే ఉంది. అది వెలుగుని చూడదు. గుండె కండరం ముడుచుకునే ముందు పుట్టే విద్యుత్తుని చర్మం మీద రెండుచోట్ల పట్టుకుంటుంది. చర్మం మీదికొచ్చేసరికి అది మిల్లీవోల్టు అటూఇటూ. చిన్నదే అయినా దాని శిఖరం సూదిలా నిటారుగా ఉంటుంది కాబట్టి శిఖరానికీ శిఖరానికీ మధ్య కాలాన్ని మిల్లీసెకన్లలో చెప్పొచ్చు. ఫిన్లండ్‌లో 1977లో పుట్టిన పోలార్ కంపెనీ ఇలాంటి తీగల్లేని పరికరాన్ని 1982లో బజారులోకి తెచ్చింది. కట్టుకునే ముందు పట్టీ లోపలివైపు నీళ్లతో తడపాలి, పొడి చర్మం కరెంటుని సరిగా దాటనివ్వదు. మంగళగిరిలో మే నెలైతే ఆ తడపడం కూడా దండగ, రెండు నిమిషాల్లో చెమటే తడిపేస్తుంది.

ఇక ఆకాశం సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఒక్కోటి కొన్ని పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. అది మన చేతిదాకా వచ్చేసరికి వాటులో పదివేల లక్షల కోట్లవ వంతు మిగులుతుంది. చుట్టూ ఉన్న రేడియో రొద దీనికంటే పెద్దది. రొద కింద మునిగిపోయిన మాట ఎలా వినపడుతుంది? ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్లలో నిలబడి చూడండి. ఎక్కడో దూరాన మోగే సన్నాయి అంత హోరులో మామూలుగా చెవిన పడదు. ఆ పాట ముందే తెలిసినవాడు మాత్రం మనసులో పాడుకుంటూ దాని జాడ పట్టేస్తాడు. ప్రతి ఉపగ్రహానికీ తనదైన పాట ఉంది. 1023 అంకెల ఒక వరస, మిల్లీసెకనుకోసారి మొదటికొస్తుంది. అన్నీ ఒకే పౌనఃపున్యం మీద పాడతాయి. వాచీ దగ్గర ఆ వరసలన్నీ ముందే ఉన్నాయి. తన వరసని కొద్దికొద్దిగా జరుపుతూ రొదతో సరిచూస్తుంది. సరిగ్గా కలిసిన చోట, రొదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట ఒక్కటే పైకి తేలుతుంది. ఎంత జరిపితే కలిసిందో చూస్తే అది బయల్దేరి ఎంతసేపైందో తెలుస్తుంది. సుమారు సెకనులో నూటికి ఏడు వంతులు.

ఈ లెక్కలో సెకనుని వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కకి కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. ఉపగ్రహాల్లో అణు గడియారాలున్నాయి, చేతివాచీలో ఉన్నది క్వార్ట్జ్ పలుకు. అది సెకనులో పది లక్షలవ వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. అణు గడియారాన్ని మణికట్టుకి కట్టలేం కదా. దీనికి దొరికిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. ఉన్నచోటు తెలియడానికి మూడు కొలతలు చాలు, వాచీ నాలుగో ఉపగ్రహాన్ని కూడా వింటుంది. తన గడియారం ఎంత తప్పిందన్నదాన్నే నాలుగో తెలియని రాశిగా పెట్టి నాలుగు సమీకరణాలు సాధిస్తుంది. తన తప్పు తెలిసిపోయింది గనక దాన్నీ తీసేస్తుంది. పైనున్న గడియారాలకీ ఒక తీసివేత ఉంది. వేగం, గురుత్వం రెండూ కలిసి వాటిని రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి నడిపిస్తాయి. పట్టించుకోకపోతే రోజుకి 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. అందుకని వాటిని నేల మీద ఉండగానే ఆ మేరకు నెమ్మదిగా నడిచేట్టు సరిచేసి పంపుతారు.

జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఏర్పాటు నావిక్ కథలో గడియారం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో విదేశాల్లో తయారైన మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం తక్కినదంతా బాగానే ఉంది, చోటు చెప్పడానికి మాత్రం పనికిరాకుండా పోయింది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో అహ్మదాబాదులో చేసిన మన గడియారం పెట్టారు. దాంతోపాటు ఎల్1 అనే 1575.42 మెగాహెర్ట్జ్ ప్రసారమూ చేర్చారు. చేతివాచీల్లాంటి చిన్న పరికరాలు వినేది ముఖ్యంగా ఈ పౌనఃపున్యాన్నే. నావిక్‌కి కేటాయించిన స్థానాల్లో ఒకటి భూమధ్యరేఖ పైన 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. మంగళగిరిలో నిలబడితే అది నడినెత్తికి కాస్త దక్షిణంగా ఉంటుంది. సందుల్లో పరిగెత్తేవాళ్లకి అలాంటి చోటున్న ఉపగ్రహం ఎంత విలువైనదో, మంగళగిరి కొండ కింది గుడి రాజగోపురం దగ్గరికెళ్తే అర్థమవుతుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09లో కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం, 153 అడుగులు. దాని మొదట్లో నిలబడ్డ వాచీకి సగం ఆకాశం మూసుకుపోతుంది. పక్కన వాలుగా ఉన్న ఉపగ్రహాల మాట గోడలకి తగిలి ఆలస్యంగా వస్తుంది. ఆలస్యాన్ని వాచీ దూరంగా చదువుకుంటుంది. పటంలో మనం ఇళ్లమీదుగా పరిగెత్తినట్టు గీత పడేది అందుకే. 2021–22 నుంచి ఖరీదైన వాచీలు ఎల్5 అనే రెండో పౌనఃపున్యాన్ని కూడా వింటున్నాయి. అందులో వరస పదింతలు వేగంగా నడుస్తుంది. ఎల్1లో ఒక్క అంకె 293 మీటర్ల పొడవైతే ఎల్5లో 29 మీటర్లే. అసలు మాటనీ ప్రతిధ్వనినీ విడదీయడం అప్పుడు సాధ్యమవుతుంది.

వేగం చెప్పే తీరు ఇంకా సొగసైనది. కిలోమీటరుకి ఆరు నిమిషాల చొప్పున, అంటే సెకనుకి 2.78 మీటర్ల వేగంతో నేరుగా ఉపగ్రహం దిక్కుకి పరిగెత్తితే దాని ప్రసారం మనకి కాస్త హెచ్చు పౌనఃపున్యంలో వినిపిస్తుంది. ఆ కాస్త ఎంతంటే, సెకనుకి 157 కోట్ల 54 లక్షల 20 వేల కంపనాల్లో 15. ఉపగ్రహం తన పరుగువల్ల తెచ్చే తేడా దీనికి వందల రెట్లు. దాన్ని తీసేయాలి. క్వార్ట్జ్ తప్పుని తీసేయాలి. వాచీ ఉన్నది నడుముకి కాదు చేతికి, కాబట్టి ముందుకీ వెనక్కీ ఊగే చేతి వేగాన్నీ సర్దాలి. ఆ పదిహేను కంపనాలు అప్పుడు దక్కుతాయి.

ఎత్తు విషయంలో మాత్రం జీపీఎస్‌ది బలహీనతే. ఉపగ్రహాలన్నీ పైనే ఉన్నాయి, కాళ్లకింద ఒక్కటీ లేదు, కాబట్టి నిలువు లెక్క వదులుగా వస్తుంది. ఆ లోటు తీర్చేది వాచీ పక్కనున్న సూదిబెజ్జం. దాని వెనక సిలికాన్ పొర ఒకటి గాలి ఒత్తిడికి వంగుతుంది. సముద్రమట్టానికి దగ్గరి ఎత్తుల్లో సుమారు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. అందులో చిన్న భాగాన్ని కూడా ఆ పొర పసిగట్టగలదు కనక పదిమెట్లు ఎక్కినా వాచీకి తెలుస్తుంది. అయితే బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డ రోజున ఒత్తిడి తనంతట తనే జారుతుంది, మంచం మీద పడుకున్నవాడు కూడా కొండెక్కుతున్నట్టు లెక్క రావచ్చు. అందుకని వాచీ జీపీఎస్ ఎత్తుని పక్కన పెట్టుకుని, నెమ్మదిగా వచ్చే మార్పుని వాతావరణానికీ చప్పున వచ్చేదాన్ని ఎక్కడానికీ కట్టబెడుతుంది. చెమట ఉప్పు ఆ బెజ్జంలో పేరుకుంటే ఈ తెలివంతా వృథా. పరుగయ్యాక మంచినీళ్ల కింద కడగాలి, పిన్నీసుతో పొడవకూడదు.

ఇవన్నీ ఒక్కసారే పనిచేయడం చూడాలంటే మంగళగిరి కొండ మీది పానకాల స్వామి గుడికెళ్లే మెట్లదారి మంచి చోటు. చెన్నాప్రగడ బలరామదాసు 1890లో కట్టించిన మెట్లు. భక్తులు ఎక్కే దారి కాబట్టి పొద్దున్నే, పక్కకి తప్పుకుంటూ ఎక్కాలి. కింద రోడ్డు మీద నింపాదిగా నడిచిన అంకెలు మెట్ల మొదట్లోనే విడిపోతాయి. పరుగు వేగం (పేస్) కుప్పకూలుతుంది, గుండె వేగం పైకి లేస్తుంది. పేస్ చూసుకుని సాధన చేసేవాడికి ఇక్కడ దారి తెలియదు, గుండె ఒక్కటే కొలబద్ద. గరిష్ఠ గుండె వేగానికి వాచీ మొదట వాడుకునేది వయసు సూత్రమే. పాతది 220లోంచి వయసు తీసేయడం, 2001లో వచ్చింది 208లోంచి వయసులో పదింట ఏడువంతులు తీసేయడం. నలభై ఏళ్లవాడికి రెండూ 180 అంటాయి. అరవై ఏళ్లవాడికి ఒకటి 160, ఒకటి 166. అసలు మనిషి ఈ రెంటికీ పది పన్నెండు అటో ఇటో ఉండొచ్చు. డాక్టరు సరేనన్నవాళ్లు ఈ మెట్లని నాలుగైదుసార్లు గట్టిగా ఎక్కితే వచ్చిన పెద్ద అంకెని వాచీలో వేసుకుంటే, గుండె వేగాన్ని అంచెలుగా విడదీసి అది చూపించే జోన్లు ఆ మనిషివవుతాయి.

జోన్ల ఉపయోగం ఎండాకాలంలో తెలుస్తుంది. గాలిలో తేమకి చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మంవైపు మళ్లుతుంది, చెమటలో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది. కొట్టుకొట్టుకీ గుండె తోసే రక్తం తగ్గిపోయి కొట్టుడు పెరుగుతుంది. జాతీయ రహదారి పక్కన అదే వేగంతో గంట పరిగెత్తినవాడికి చివరి అరగంటలో గుండె అంకె మెల్లగా పైకి జారడం గీతలో స్పష్టంగా కనిపిస్తుంది. మేలో గుండెని పట్టుకుని వేగాన్ని వదిలేయాలి, డిసెంబరులో వేగం పట్టుకోవచ్చు అన్నది నా లెక్క. కానిస్టేబుల్ పరీక్షకి తయారయ్యే కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లకి 1600 మీటర్లు, 8 నిమిషాల్లోపు. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద సరిగ్గా నాలుగు రౌండ్లు. ఆ వంపుల్లో జీపీఎస్ గీత లోపలికో బయటికో జారుతుంది కాబట్టి వాళ్లు రౌండ్లు లెక్కపెట్టుకుని, వాచీని స్టాప్‌వాచ్‌గా వాడుకోవడమే మేలు. కేలరీలు, ఒత్తిడి మార్కులు, నిద్ర మార్కులు కూడా వాచీ చెబుతుంది. నేను వాటిని చదవను. కొలతకీ ఊహకీ మధ్య తీసివేతలు మరీ ఎక్కువైపోయాయి.

కొండ దిగేటప్పుడు అన్ని అంకెలూ తిరగబడతాయి. గుండె చల్లబడుతుంది, వేగం పెరుగుతుంది, బ్యారోమీటర్ మీటర్లు వెనక్కి లెక్కపెడుతుంది. వాచీ చూస్తే ఇదే తేలిక భాగమంటుంది. ఒక్కో మెట్టుకీ ఒంటి బరువుని ఆపుతూ తొడ కండరాలు సాగుతూనే బిగుసుకుంటాయి, ఆ పనికి గుండె పెద్దగా వేగం పెంచదు. దాన్ని కొలిచే సెన్సర్ వాచీలో లేదు. ఆ లెక్క మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తొడలే చెబుతాయి.