కుండ గుండ్రంగా రావాలంటే

సిద్దిపేట గొల్లభామ చీర ఎప్పుడైనా మీ చేతికొస్తే, ముందు కొంగు తిప్పి వెనకవైపు చూడండి. పైన వరసగా నిలబడ్డ భామలు, తల మీద కుండ, ఒంటి మీద రంగురంగుల బట్టలు. అవి ఎలాగూ కళ్లను లాగుతాయి. వెనకవైపు చూస్తే ఒక్కో రంగు పోగు ఎక్కడ మొదలైంది, ఎక్కడ మళ్లింది, ఎక్కడ ఆగింది అంతా తెలిసిపోతుంది. ఇందులో అద్దకం లేదు, సూదిపని లేదు. బట్ట నేస్తూ నేస్తూ అందులోనే బొమ్మను కలిపి నేశారు.

మగ్గం మీద పడుగు బిగించి ఉంటుంది. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి మామూలు పేక వేస్తుంది. బొమ్మ రావాల్సిన చోట మాత్రం నేతకారుడు కావలసిన పడుగు పోగులనే లేపి, రంగునూలు చుట్టిన చిన్న కండెను వాటి మధ్య నుంచి చేత్తో దూరుస్తాడు. రవికకు ఒక కండె, లంగాకు ఒకటి, కుండకు ఇంకొకటి. చేతికీ ఒంటికీ మధ్య కాస్త ఖాళీ కనిపించాలంటే అక్కడ రంగు ఆపి, అవతల మళ్లీ అందుకోవాలి. అయ్యాక పన్నెతో ఒక దెబ్బ. మళ్లీ మామూలు పేక, మళ్లీ రంగు పేక. కొంగులో పదిమంది భామలుంటే, పదిమంది దగ్గరా చెయ్యి ఆడాకే బట్ట ఒక్క పోగు ముందుకు జరుగుతుంది. భామలంతా ఒకేసారి, ఒకే ఎత్తున పెరుగుతారు. ఒకరిని ముందు పూర్తిచేసి ఇంకొకరి సంగతి తర్వాత చూద్దామంటే కుదరదు.

అసలు పనితనం కుండ దగ్గర తెలుస్తుంది. మగ్గం మీద వంపు అనేదే లేదు. ఉన్నవి నిలువు పోగులు, అడ్డం పోగులు, అంతే. గుండ్రం కావాలంటే మెట్లు కట్టుకుంటూ రావాలి. కుండ అడుగున ఒక్కో వరసకు నాలుగైదు పోగులు పక్కకు జరగాలి, పైకి వచ్చేకొద్దీ రెండు, తర్వాత ఒకటి, నడిమి భాగంలో కొన్ని వరసలు అసలు జరగకూడదు. ఆపైన అదే లెక్క తిరగబడుతుంది. ఆ మెట్లు సరిగ్గా పడితే రెండడుగుల దూరం నుంచి కన్ను వాటిని కలిపేసుకుని కుండ గుండ్రంగా ఉందంటుంది. ఒక్క మెట్టు తప్పితే కుండకు సొట్ట పడుతుంది. లంగా కుచ్చిళ్లు విచ్చుకోవడమూ ఈ లెక్కే.

రంగు పేకను ఎంత లాగాలన్నది మాత్రం ఏ లెక్కకూ అందదు. గట్టిగా లాగితే బొమ్మ చుట్టూ బట్ట ముడుచుకుంటుంది, వదిలేస్తే పోగు పైకి ఉబ్బుతుంది. వేళ్లకు తెలిసిన సంగతి అది, కాగితం మీద రాసిచ్చేది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొంగులో భామ పడుగు వెంట నిలువుగా పెరుగుతుంది. అంచు వెంట నిలబడాల్సిన భామ మగ్గం మీద అడ్డంగా పడుకుని ఉంటుంది. చీర కట్టాక నిలబడే మనిషిని పడుకోబెట్టి నేయాలన్నమాట! ఆ మెట్ల లెక్కంతా పక్కకు తిప్పి మళ్లీ వేసుకోవాల్సిందే.

ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసేవాళ్లు మాత్రం తగ్గిపోతూ వచ్చారు. ఉన్నవాళ్లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ. అందుకే ప్రభుత్వం ఆదుకోవాలన్న మాట వస్తుంది. ఆదుకోవాలి, సందేహం లేదు. ఎలా అన్నదే నా పేచీ.

మునిగిపోతున్న పరిశ్రమను ఆదుకోవడమంటే ఈమధ్య కాలంలో అందరికీ గుర్తొచ్చేది అమెరికా కార్ల కథే. 2008 డిసెంబరులో జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకు అక్కడి ప్రభుత్వం అప్పులిచ్చి నిలబెట్టింది. 2013 డిసెంబరులో జనరల్ మోటార్స్‌లో తన చివరి వాటాలు అమ్ముకునేసరికి ఆ ఒక్క కంపెనీ మీదే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కంపెనీ మాత్రం బతికింది. అంత దూరం పోనక్కర్లేదు, మన పాత మెదక్ జిల్లాలోనే ఒక కథ ఉంది. 1980లలో ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా కూడా అప్పుడే వచ్చాయి. బండ్లు కొనేవాళ్లు తక్కువ, పోటీ ఎక్కువ. 1985 తర్వాత యెన్ విలువ పెరిగి జపాన్ నుంచి తెచ్చే విడిభాగాలు భారమయ్యాయి. చివరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్‌లో ఈరోజుకీ మహీంద్రా ఫ్యాక్టరీ నడుస్తోంది.

ఫ్యాక్టరీకి ఆ వెసులుబాటు ఉంది. షెడ్డు, యంత్రం, నక్షా అలాగే ఉంటాయి, యజమాని మారితే సరిపోతుంది. కొన్నాళ్లు తాళం వేసినా యంత్రానికి నూనె పోసి మళ్లీ తిప్పుకోవచ్చు. గొల్లభామను కొనుక్కునే మహీంద్రా ఎవరు? ఆ మెట్ల లెక్క, ఆ లాగుడు ఒక మనిషి వేళ్లలో ఉన్నాయి. అతను పదేళ్లు తువ్వాళ్లు నేస్తే అవి పోతాయి.

మన సాయం తరచు చేసిందీ అదే. 1976లో కేంద్రం జనతా బట్ట పథకం తెచ్చింది. పేదలకు చౌక బట్ట, మగ్గానికి చేతినిండా పని. ఉద్దేశం మంచిదే, పూట గడిచింది కూడా. కానీ ముతక బట్ట నేసీ నేసీ సన్నపని చేసే చేతులు ఆ పని మరిచాయి. తర్వాత బడి యూనిఫాం బట్ట ఆర్డర్లు వచ్చాయి. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరలు వచ్చాయి, ఆ పని ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాలకు వెళ్లింది. సిరిసిల్లకు అది ఊపిరి పోసింది, కాదనను. అయితే మీటరు లెక్కన డబ్బులిస్తే ఏ నేతకారుడైనా మీటర్లే నేస్తాడు. కుండ గుండ్రంగా తేవడానికి పట్టిన పొద్దుకు ఆ లెక్కలో కూలి లేదు. నూలు రాయితీ ఎంతిచ్చినా అంతే, గొల్లభామ చీరలో పోయేది నూలు కాదు, పొద్దు.

కాబట్టి సర్కారు కొనదలిస్తే మీటర్లు కాకుండా భామలను కొనాలి. చీరకు ఎన్ని బొమ్మలు, ఎంత ఎత్తు, ఎన్ని రంగులు అని చూసి కూలి కట్టాలి. పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాడికి, చేయి కుదిరేదాకా నెలనెలా ఇంత అని ఇవ్వాలి. ఏడాదికి కొన్ని వందల చీరలైనా చాలు, కార్ల కంపెనీకి పోసిన దాంట్లో ఇది లెక్కలోకే రాదు. నాణ్యత చూసే అధికారికి కూడా పెద్ద శ్రమేం లేదు. కొంగు తిప్పి చూస్తే, అచ్చు వేసిన చీర వెనక వెలిసిన రంగే తప్ప పోగు మళ్లిన చోటు ఒక్కటీ దొరకదు.