తీరాన్ని చదవడానికి ఒక పగలు

ఇంటికి దగ్గరలోని సముద్రతీరాన్ని ఒక్క పగటిలో చూసి రావడం పైకి కాలక్షేపంలా కనిపించినా, అందులో వేళను ఎంచుకునే నేర్పు ఒకటుంది. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా, అంటే జనం నోటి భీమిలి దాకా, కడలిని ఆనుకుని సాగే సుమారు 25 కిలోమీటర్ల దారి ఈ నేర్పుకు మంచి పరీక్ష. తూర్పు కనుమల కొసలు నీటి అంచుదాకా దిగివచ్చే ఈ భాగంలో కొండ, ఇసుక, ఏటి మొగ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. అయినా ఈ దారిన వెళ్లేవారిలో చాలామంది చూడవలసిన చోట్ల జాబితాతో బయలుదేరతారే తప్ప, ఏ చోటు ఏ వేళకు కుదురుతుందో ఆలోచించరు.

తూర్పు తీరంలో పొద్దు సముద్రం మీద పొడుస్తుంది కాబట్టి ఉదయం నీటి వైపు చూస్తే కళ్లు చెదురుతాయి. మధ్యాహ్నం దాటాక వెలుగు కొండల వైపు నుంచి పడటంతో నీలం తేటపడుతుంది. అందువల్ల నగరం నుంచి మొదలుపెట్టి చోటుచోటా ఆగుతూ పోవడంకంటే, తెల్లవారేసరికి భీమిలి చేరుకుని వెనక్కి వస్తూ చూడటమే మేలు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తక స్థావరం ఏర్పరచుకున్న ఆ ఊరికి 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి సమాధుల తోట ఇప్పటికీ ఉంది, కానీ పొద్దున్నే చూడవలసింది అది కాదు, ఒడ్డుకు చేరే పడవలు. వల దులుపుతుంటే రాలిపడే కవళ్లనూ నెత్తళ్లనూ ఆడవాళ్లు గంపల్లోకి ఎత్తుకుని బేరం మొదలుపెట్టే ఆ సందడి ఎండ ముదిరేసరికి సర్దుమణిగిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేటను నిషేధిస్తారు. ఆ రోజుల్లో వెళ్లినవారికి ఒడ్డున వరుసగా నిలిపిన పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు కనిపిస్తారు.

భీమిలి నుంచి వెనక్కి తిరిగిన కొద్ది దూరానికే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. పాటల చిత్రీకరణల పుణ్యమా అని వీటిని తెరమీద చూసినవారే ఎక్కువ. ఆ చూపుతో వెళితే ఇది ఒక రంగుల తెరగానే మిగిలిపోతుంది. నిజానికి ఇది మట్టి కాదు, ఇసుక. హిమయుగాల్లో సముద్ర మట్టం బాగా తగ్గి విశాలంగా బయటపడిన తీరం నుంచి గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక గుట్టలివి. ఇసుకలోని ఇనుప ఖనిజాలు ఎండకూ వానకూ మార్పు చెంది రేణువు రేణువుకూ ఎర్రటి పూత పట్టించాయి. ఆ తరువాత వాననీరు కోసుకుపోగా నిట్టనిలువు గోడల గండ్లు ఏర్పడ్డాయి. గోడకు దగ్గరగా నిలబడి చూస్తే పైన గడ్డి వేళ్లు వేలాడుతుంటాయి, కింద పొరల్లో ఎప్పటివో వేళ్ల చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడిన గొట్టాల వంటి ముక్కలు పొడుచుకుని ఉంటాయి. వేలితో తాకితే చాలు, ఎర్రటి పొడి అంటుకుంటుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఏటవాలు వెలుగులోనే ఈ గండ్ల లోతు తెలుస్తుంది కనుక ఉదయం తొమ్మిదిలోపు చూడాలి. నడినెత్తి ఎండలో అంతా ఒకే ఎరుపుగా పరుచుకుపోతుంది. గట్టు అంచున నిలబడి ఫొటోలు తీసుకోవడం ప్రాణాలకే కాదు, ఆ గట్టుకూ చేటే.

ఇంకా నగరం వైపు వస్తే మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. దీని దగ్గరకు వెళ్లాలంటే గడియారం కాదు, పంచాంగం చూడాలి. సముద్రం ఎక్కడాన్ని పోటు, దిగడాన్ని ఆటు అంటారు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, వాటి వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీటి ఎక్కుదిగుళ్లు పెద్దవి కాబట్టి అప్పటి ఆటు వేళ తోరణం చుట్టూ ఉన్న బండలు బాగా బయటపడతాయి. రోజు ప్రణాళికలో స్థిరంగా ఉండనిది ఇదొక్కటే. మిగతా చోట్లను దీని చుట్టూ సర్దుకోవాలి.

ఎండ మండే వేళకు తొట్లకొండ సరిపోతుంది, పైన గాలి ఉంటుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరు. కొండమీద బతకడానికి బౌద్ధ భిక్షువులకు వాన నీటిని పట్టి ఉంచుకోవడం అవసరమైంది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయంటే, కింద కనిపించే నీలం వాళ్లకు కేవలం దృశ్యం కాదన్నమాట.

సాయంత్రానికి రామకృష్ణా బీచ్ చేరితే, 1969లో నౌకాదళంలో చేరి 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి ఉంటుంది, దాని అవతల మురీ మిక్చర్ బండ్లు ఉంటాయి. పొద్దు కొండల వెనక దిగడంతో ఇక చూడటానికేమీ లేదనుకుని చాలామంది లేచిపోతారు. ఆ రోజు పౌర్ణమి అయితే, పొట్లం ఖాళీ అయ్యేలోపే సముద్రం అంచున చంద్రుడు ఎర్రగా పైకి వస్తాడు.