‘ఇతరులు’ అనే గడిలో మన వేల్పులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల్లో బీఏ అనగానే చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం గుర్తుకొస్తాయి. మతాన్ని కూడా ఒక సబ్జెక్టుగా డిగ్రీలో చదవవచ్చని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. చెబితే నవ్వుతారు. ‘పూజారి కావడానికా, పాస్టర్ కావడానికా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను మేము తేలిగ్గా కొట్టిపారేయం. దాని వెనుక మన ప్రాంతపు నూరేళ్ల అనుభవం ఉంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలి విభాగాలు రెండే: కళలు, మతధర్మశాస్త్రం. మన మూడు జిల్లాల నేల అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. ముస్లిం విద్యార్థులకు దీనియాత్ చెప్పేవారు, మిగతావారికి నీతిశాస్త్రం. ఆ ‘మిగతావారి’లో కోయ, లంబాడ పిల్లలు ఎందరుండి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

అంతకుముందే, 1912లో, వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కట్టించిన పెద్ద గుడిలో హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు రెండూ కనిపిస్తాయి. మహబూబాబాద్ పిల్లలు ఒకసారి వెళ్లి చూడవలసిన గుడి అది. అక్కడి వేదాంత పాఠశాల 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో కలిసిపోయింది. ఆ చదువు మాల, మాదిగ పేటలకు అక్షరాన్ని, తలెత్తుకునే ధైర్యాన్ని ఇచ్చింది. ఆ మేలును మేము తక్కువ చేయం. అయితే ఒక మతాన్ని లోపలి నుంచి నమ్మి చదివే చదువు అది. అందులో మన వేల్పులకు దొరికేది, విడిచి రావలసిన పాతకాలపు నమ్మకం అన్న చోటే. తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం ఉంది, అలీగఢ్‌లో సున్నీ, షియా ధర్మశాస్త్ర శాఖలు ఉన్నాయి. వాటి సంగతీ అంతే.

తమాషా ఏమంటే, క్రైస్తవ థియాలజీకి తెలుగులో స్థిరపడిన మాట ‘వేదాంతం’. ఒక మతం మాటను ఇంకో మతం ఎరువు తెచ్చుకుని హాయిగా వాడుకుంటోంది. మన వేల్పుల చదువుకు మాత్రం ఇంకా పేరే లేదు.

నమ్మకంతో పనిలేకుండా అన్ని మతాలనూ పక్కపక్కన పెట్టి చదివే చదువు వేరే ఉంది. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం 1967లోనే దానికి ఒక శాఖ తెరిచింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ డిగ్రీ మూడేళ్లకూ మత అధ్యయనం ఉండాలని సిఫారసు చేసింది. మొదటి ఏడు బుద్ధుడు, యేసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానక్ వంటి మహనీయుల జీవితాలు, రెండో ఏడు మతగ్రంథాల నుంచి ఎంచిన భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రం. ఉదారమైన ఆలోచనే, కాదనం. కానీ మా అభ్యంతరమంతా ఆ రెండో ఏడు దగ్గరే. పుస్తకం లేని మతం రెండో ఏడే ఫెయిలవుతుంది.

సమ్మక్కకు పుస్తకం లేదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, మన మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తారు. ఆ దారులే గ్రంథం. ఏ గట్టువాళ్లు ఏ వేల్పును కొలవాలో, ఎవరు ఎవరికి వియ్యమో డోలీలు పాడే వంశకథల్లో ఉంది. బొమ్మల పడిగెల్లో ఉంది. ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. ఆయన తలలో ఉన్నదాన్ని ‘కళ’ అన్నారు. ధర్మశాస్త్రం అని ఎవరన్నా అన్నారా? తండాల్లో తీజ్ నాడు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు పాడే పాటలదీ ఇదే గతి. జనగామ గడ్డమీది పాల్కురికి సోమన, పోతన తెలుగు పాఠాల్లో ఉన్నారు, ఉండాలి. ఆ పక్కనే తండా పాటకు ఒక్క పేజీ ఇవ్వడానికి ఏమి అడ్డం?

మేడారాన్ని పత్రికలు ‘గిరిజన కుంభమేళా’ అంటాయి. పొగడ్త అనుకుని మనమూ అదే రాస్తున్నాం. కుంభమేళాను ఎవరూ ‘హిందువుల మేడారం’ అనరు. పోలిక ఎప్పుడూ ఒకవైపే ఎందుకు నడుస్తుందో అడగడం ఈ చదువులో మొదటి పాఠం కావాలి.

జనగణన పత్రంలో ఆరు మతాలకు పేర్లున్నాయి, తక్కిన వారందరూ ఇతరులు. 2011లో ఆ ఇతరుల గడిలో దేశమంతటా సుమారు 79 లక్షల మంది చేరారు. వారిలో 49 లక్షలకు పైగా సర్నా అని రాయించుకున్నవారే. 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ సర్నాకు వేరే గడి కావాలని తీర్మానం చేసింది. వారికి పేరుంది, దాని గురించి వాదించగల చదువరులున్నారు. మన దగ్గర ఎన్యుమరేటర్ అడిగినప్పుడు ఏం చెప్పాలో ఇంట్లోనే మాట కుదరదు.

ప్రభుత్వ కాలేజీలో మతమేమిటని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడుగుతున్నారు. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను వద్దంది. మతాల గురించి చదవడం మతబోధ కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చట్టం అడ్డు కాదు. ఉద్యోగం సంగతి వేరు. యూజీసీ గుర్తింపు లేని చోట తీసుకున్న బీటీహెచ్ పట్టాతో బీఈడీకిగానీ గ్రూప్స్‌కుగానీ పోలేం. చేరేముందే ఆ సంగతి చూసుకోవాలి.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం వచ్చింది. పేరు వేల్పులది. ఆ వేల్పుల చదువు కూడా అక్కడ డిగ్రీలో ఉండాలి, వడ్డెలూ డోలీలూ తరగతిలో పాఠం చెప్పే కుర్చీలో కూర్చోవాలి. అందాకా మన అధ్యాపకులు ఆగనక్కర్లేదు. బీఏ పిల్లల ప్రాజెక్టుకు పూనుగొండ్ల ఇవ్వండి, తమ తండా సేవాలాల్ గుడి ఇవ్వండి. ఒక్క జాగ్రత్త. చిలకలగుట్ట మీద వడ్డెలు చేసే క్రతువు బయటివాళ్లకు చెప్పేది కాదు. అక్కడ విద్యార్థి పెన్ను మూసి, ‘ఇక్కడ అడగలేదు’ అని రాస్తే ఆ వాక్యానికీ మార్కులు వేయండి.