ఊరి పేరులో ఆమె ఎక్కడ?

కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) అనగానే మనకు కథలే గుర్తొస్తాయి. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందీ కథలకే. ఆయన డాక్టరేట్ మాత్రం కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద. 1976లో 'కడప ఊర్లు-పేర్లు'గా వచ్చిన ఆ పని మన సాహిత్య చర్చల్లోకి వచ్చింది తక్కువ. ఊరి పేరు కూడా సామాజిక చరిత్రేనని చూపే ఇలాంటి పరిశోధన స్త్రీవాదులకు ఎంతో అవసరం.

పేరును విడగొట్టి చదవడం నాకు ఇలాంటి పుస్తకాలే నేర్పాయి. నేనుండే ఖానాపురం హవేలినే చూడండి. 'ఖాన్' బిరుదు, 'పురం' సంస్కృతం. 'హవేలి' అంటే పట్టణం చుట్టూ సర్కారు నేరుగా శిస్తు తీసుకున్న భూములకు వాడిన రెవెన్యూ మాట. దొర, పండితుడు, ఖజానా ముగ్గురూ ఉన్నారు. నాట్లేసిన ఆడవాళ్ళే లేరు.

పేర్ల పరిశోధనకు శాసనాలు, కైఫియత్తులు, రెవెన్యూ రికార్డులు ఆధారం. వాటిని రాసినవాళ్ళు, రాయించినవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే. ఊరి పేరులోకి రావాలంటే స్త్రీకి దేవత కావడమే సులువైన దారి. కడప జిల్లా అంకాలమ్మ గూడూరు అలాంటిదే.

మరి దేవత కాని మనిషి? భద్రాచలంలో విగ్రహాలను మొదట చూసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అని స్థలపురాణమే చెబుతుంది. కొండ పేరు మాత్రం భద్రుడిది. దమ్మక్క కథలో మిగిలింది, పేరులోకి రాలేదు.

మా వాడలో కోడళ్ళను పుట్టినూరి పేరుతో పిలిచేవాళ్ళు. మా అమ్మ 'మధిరామె'. అత్తింట్లో ఆమె సొంత పేరు పోయింది, పుట్టినూరు మిగిలింది. ఇది ఆమెను గుర్తుంచుకోవడమా, చెరిపేయడమా? రెండూ అనే అనుకుంటాను. ఏ రికార్డులోనూ ఈ పేర్లు లేవు. డాక్టరేట్ రోజుల్లో నేనూ అచ్చులో ఆధారం లేని మాటను ఫుట్‌నోట్‌లోకి కూడా రానివ్వలేదు. అప్పుడు అమ్మను అడగాలని తోచలేదు.

విశ్వనాథరెడ్డి గారు ఊళ్ళ పేర్లకు పరిశోధన గౌరవం తెచ్చారు. ఊళ్ళనే పేర్లుగా మోసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మన వంతు. వాళ్ళు ఇంకా ఉండగానే వెళ్ళాలి.