అరచేతి కొలత

కంబదూరు, కళ్యాణదుర్గం దారుల్లో పాత మహీంద్రా జీపు నడిపేవాళ్లకు స్టీరింగ్ లూజు బాగా తెలిసిన జబ్బు. స్టీరింగ్ బెత్తెడు తిప్పినా బండి పట్టించుకోదు. గతుకు తగిలితే తన దారిన తాను పోతుంది. దాన్ని సరిచేసే మెకానిక్ పనితనమంటే నాకు ఎనలేని గౌరవం.

మంచి మెకానిక్ ముందే పానా పట్టడు. బండి కింద దూరి, పైనున్న మనిషితో "అట్లా ఇట్లా ఆడించప్పా, ఆపద్దు" అంటాడు. టై రాడ్ కీళ్ల మీద వేళ్లు ఆనించి, కదలిక ఎక్కడ పుట్టి ఎక్కడ పోతోందో పసిగడతాడు. తర్వాత జాకీతో లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి, కింగ్ పిన్నులు, బేరింగులు చూస్తాడు. అరిగిన కీలు మార్చకుండా స్టీరింగ్ బాక్సు బిగిస్తే లూజు పోదు, బాక్సు మాత్రం పాడవుతుంది.

బాక్సు వంతు చివర్లో. విల్లీస్ జీపుల కాలం నాటి ఆ బాక్సులో మర లాంటి క్యామ్ ఉంటుంది. దాని గాడిని నడిమధ్య కావాలనే ఇరుకుగా కోస్తారు. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కనుక అరుగుదలా అక్కడే. అందుకే డ్రాగ్ లింక్ విప్పి, స్టీరింగ్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి, లాక్ నట్ వదులు చేసి, స్క్రూ రవ్వంత బిగిస్తాడు. మధ్యలో చేతికి కాస్త పట్టు తగలాలి, పక్కలకు తేలిగ్గా తిరగాలి. పక్కకు తిప్పి బిగిస్తే మధ్యకొచ్చేసరికి పట్టేస్తుంది. అప్పుడు మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. వేరుశనగ మూటలతో పోయే బండికి అది ప్రాణాంతకం.

మధ్యలో తగలాల్సిన ఆ కాస్త పట్టును కొలిచేది మెకానిక్ అరచెయ్యే. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరక్కుండా స్క్రూడ్రైవర్‌తో ఆపి పట్టి, మళ్లీ తిప్పి చూస్తాడు.