ఒక్క బిందువు దగ్గర పనితనం

చదునైన పలక మీద మొద్దు అంచున్న రెక్క ఒకటి నిలబడి ఉంది. దాని మీదికి ధ్వనిని మించిన వేగంతో గాలి వస్తోంది. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో లెక్కగట్టిన ఈ ప్రవాహాన్ని ‘బ్లంట్ ఫిన్’ అంటారు. అందులో 40,960 బిందువులు. రెక్క దగ్గర అవి కిక్కిరిసి ఉంటాయి, దూరం పోయేకొద్దీ పలచబడతాయి.

దీన్ని సమానమైన గళ్లలోకి మార్చి చూపవచ్చు. గళ్లు పెద్దవైతే రెక్క దగ్గరి వివరం చెరిగిపోతుంది. చిన్నవైతే మార్పేమీ లేని చోట కూడా మెమరీ తినేస్తాయి. అందుకే ఈ బిందువుల గ్రిడ్‌ను ఉన్నదున్నట్టే చూపాలి. 1990లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ షర్లీ, అలన్ టక్‌మన్ అందుకు ఎంతో పొందికైన దారి వేశారు.

ముందు ఆ గ్రిడ్‌లోని ప్రతి గడినీ ఐదు చతుర్ముఖులుగా కోస్తారు. బ్లంట్ ఫిన్‌లో అవి 1,87,395. ఇక చతుర్ముఖిని ఏ వైపు నుంచి చూసినా, దాని ఆకారం తెర మీద త్రిభుజమో చతుర్భుజమో అవుతుంది. త్రిభుజమైతే నాలుగో శీర్షం లోపల పడుతుంది. చతుర్భుజమైతే రెండు అంచులు కర్ణాల్లా ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ శీర్షమో, ఆ కూడలో, అక్కడే చతుర్ముఖి మందం అన్నిటికన్నా ఎక్కువ. ఆకారపు అంచుల వెంట మందం సున్నా.

అంటే చూపు చతుర్ముఖి గుండా సాగే దూరాన్ని ఆ ఒక్క బిందువు దగ్గర లెక్కిస్తే చాలు. అక్కడి నుంచి ఆకారాన్ని మూడో నాలుగో త్రిభుజాలుగా విడదీసి గ్రాఫిక్స్ యంత్రానికి అప్పగిస్తారు. మధ్యలో చిక్కన, అంచుల్లో పలచన అయ్యేలా రంగును సర్దడం ఆ యంత్రానికి అప్పటికే వచ్చిన విద్య. ఘనాకారపు లెక్క చదునైన త్రిభుజాల పనిగా మారిపోయింది!

అయితే ఈ చతుర్ముఖి ముక్కలను వెనక నుంచి ముందుకు వరుసగా పేర్చాలి. వరుస తప్పితే బొమ్మ తప్పు. ఆ క్రమాన్ని పొరుగు ముక్కల సంబంధం నుంచే రాబట్టే పద్ధతిని పీటర్ విలియమ్స్ 1992లో ప్రచురించారు.

షర్లీ, టక్‌మన్‌ల పనిలో నాకు మరీ నచ్చింది నిజాయితీ. మందం పెరిగేకొద్దీ కాంతి తగ్గే తీరు సరళరేఖ కాదు. త్రిభుజం లోపల రంగును సరళరేఖలో సర్దితే కొంత తేడా వస్తుంది. అందుకే ఇది ఉజ్జాయింపు అని తమ పత్రం పేరులోనే చెప్పుకున్నారు. ఎక్కడ కచ్చితంగా లెక్కించాలో, ఎక్కడ ఉజ్జాయింపుతో సరిపెట్టాలో ఎరిగి చేసిన పని ఇది.